ఏదీ, గోళ్ళు సూపించు!

మొన్న బుధవారం పొద్దున దుకాణం అరుగు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాను. ఎడమ చేతివి అయిపోయి కుడి చేతివి మొదలుపెట్టబోతుంటే ఫోన్ మోగింది. చూస్తే మా మార్కెట్లో కాయలు ఏరే అవ్వ కొడుకు. బెంగుళూరులో ఆటో తోలుకునే ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసేది పండగలకే. పండగ లేని రోజున వాడి పేరు కనబడగానే చేతిలోది కింద పెట్టేశాను.

"అన్నా, మాయమ్మ పోయిందన్నా" అన్నాడు. "తెల్లార్జామున నమాజు సదువుకోని, కొంచేపు పండుకుంటానని పండుకునింది. అంతే, మళ్ళ లేయలేదు. కొత్తచెరువులో మా మామోళ్ళ దగ్గరే మట్టి చేస్తాండాము. సాయంత్రం నాలుగ్గంటలకి. నువ్వు రావాలన్నా."

"వస్తా నాయనా" అన్నాను. ఫోన్ పెట్టేసి చేతులకేసి చూసుకున్నాను. ఐదు గోళ్ళు తీసినవి, ఐదు తీయనివి. ఆమె గానీ ఇప్పుడొచ్చి ఈ చేతులు చూసిందంటే నా పని అయిపోయేది.

అనంతపురం పండ్ల మార్కెట్లో ఆమెను సాయిబులు ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్ళు, మిగిలినవాళ్ళం అవ్వా అనేవాళ్ళం. పేరు నాకు తెలుసు, ఆధార్ కార్డు మీద చదివాను. కానీ ఆ పేరు పెట్టి ఆమెను పిలిచినవాళ్ళను నేనెరగను. అందుకే ఇక్కడా రాయను. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా. ఎడమ చెయ్యి మణికట్టు దాకా బొత్తాం పెట్టి ఉంటుంది, కుడి చెయ్యి మాత్రం ఎప్పుడూ మోచేతి పైకి మడిచి ఉంటుంది. ఎందుకలా అని మొదట్లో అందరూ అనుకునేవాళ్ళే. ఆ మోచేతి సంగతి తర్వాత చెబుతాను, అసలు కథంతా దాంట్లోనే ఉంది. వక్కాకు వేయదు, టీలో ఏలకులు కూడా వద్దంటుంది. "నోట్లో వాసన పెట్టుకుంటే కాయ వాసన యాడ తెలుస్తాదప్పా" అనేది.

నలభై ఏళ్ళుగా ఆమె చేసింది ఒకటే పని. పెట్టె విప్పి కాయలు ఏరడం. మూడు కుప్పలు. వాటికి ఆమె పెట్టుకున్న పేర్లు: ఈ పొద్దుది, ఈ వారంది, పండగది. తొడిమ ఊడినా, ఎక్కడైనా మెత్తబడినా ఆ కాయ 'ఈ పొద్దుది'. మధ్యాహ్నంలోపు జ్యూసు బండికి పోవాల్సిందే. గట్టిగా, మచ్చ లేకుండా, తొడిమతో ఉంటే 'పండగది'. అది నెలల తరబడి దాచినా నిలుస్తుంది. కాయను తీసి తొడిమ దగ్గర ఒకసారి వాసన చూసి, బొటనవేలితో చుట్టూ తడిమి, దాంతో మాట్లాడేది. "నీకేమైందే? యాడ తగిలించుకోనొచ్చినావే?" అని కాశ్మీరు నుంచి లారీలో పడి వచ్చిన ఆపిల్ కాయను తెలుగులో నిలదీసేది.

నేను ఆ మార్కెట్లోకి ఎలా వచ్చానంటే, ఓడిపోయి వచ్చాను. మాది ఉరవకొండ దగ్గర పల్లె. శెనక్కాయ వేస్తే వాన రాలేదు. చీనీ తోట, అదే బత్తాయి తోట, పెడితే బోర్లు ఎండిపోయాయి. చెట్లు నా కళ్ళముందే నిలువునా ఎండిపోతే కొట్టి కట్టెలకు అమ్మేశాను. మిగిలింది తీసుకుని టౌనుకొచ్చి, మార్కెట్లో దుకాణానికి ఒక చిన్న మడిగె, దాని వెనక ఒక పాత కోల్డ్ రూం బాడుగకు పట్టాను. నా భార్య, బిడ్డ ఇంకా పల్లెలోనే ఉన్నారు. ఇక్కడ నిలదొక్కుకుంటే వాళ్ళను తెచ్చుకోవాలి. లేదంటే నేనే వెనక్కి పోవాలి. వెనక్కి పోతే అక్కడ ఏముంది, మొద్దులు తప్ప.

మొదటి రోజు పెట్టె విప్పి లోపల చెయ్యి పెట్టాను. ఠపీమని నా చేతి మీద ఒక దెబ్బ పడింది.

"ఏదీ, గోళ్ళు సూపించు!"

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, దాచుకునేది ఏముంది. "ఎవురు నువ్వు నా గోళ్ళు అడిగేకి?" అని గయ్యిమన్నాను.

ఆమె నా కేకను పట్టించుకోలేదు. నా చూపుడువేలు పట్టుకుని, నా గోరుతోనే ఒక మంచి కాయ మీద సన్నటి గీత గీయించింది. దాన్ని తీసి గల్లాపెట్టె మీద పెట్టింది. "దీన్ని ముట్టుకోవద్దు. వారం పొయినంక సూడు" అంది.

వారం తర్వాత ఆ గీత చుట్టూ రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ, మచ్చ మధ్యలో ఆకుపచ్చ బూజు. మిగతా కాయంతా నిగనిగలాడుతోంది.

"సూసినావా శెనక్కాయలోడా? బూజు యాడ్నుంచో రాలేదు. నువ్వే తలుపు తీసినావు" అంది. ఆ రోజు నుంచి చివరిదాకా నేను ఆమెకు శెనక్కాయలోణ్ణే.

గోళ్ళ దగ్గర ఇంకో పెద్ద రగడ జరిగింది. ఆమె గోళ్ళు తీసుకునేది శుక్రవారం, జుమ్మా రోజు. అందరూ అదే రోజు తీయాలని పట్టుబట్టింది. హమాలీలు ఒప్పుకోలేదు. "శుక్రవారం గోళ్ళు తీస్తే ఇంట్లో లక్ష్మి ఉంటాదా అవ్వా?" అని ఎదురుతిరిగారు. ఆమె "మీ లక్ష్మిని నేనెందుకప్పా పంపీల్ల? మంగళారం వద్దు, శుక్రారం వద్దు, శనివారం వద్దంటారు. నడన బుధవారముండాది కదా? బుధవారం తీయండి. బేస్తవారం పొద్దున నాకు చేతులు సూపియ్యండి" అని తేల్చేసింది. అప్పటినుంచి మా మార్కెట్లో బుధవారం గోళ్ళవారం. బేస్తవారం పొద్దున బడి పిల్లల్లాగా మీసాలున్న మగవాళ్ళందరూ వరసగా చేతులు చాపి నిలబడేవాళ్ళు.

ఇక మందు తొట్టి సంగతి. మార్కెట్లో ప్రతి దుకాణం వెనకా ఒక నీలం ప్లాస్టిక్ తొట్టి ఉండేది. దాంట్లో నీళ్ళు పోసి, బూజు పట్టకుండా ఏదో తెల్ల పొడి కలిపేవాళ్ళు. దాచాలనుకున్న కాయలన్నీ దాంట్లో ముంచి తీయాలి. ముంచేది ఎవరు? ఇదిగో, ఈమెలాంటి ఆడవాళ్ళు, ఉత్త చేతులతో. ఆమె అరచేతులు ఒకసారి దగ్గరగా చూశాను. చర్మం తెల్లగా పొరలు పొరలుగా లేచిపోయి, వేళ్ళ కొసలు నున్నగా ఉన్నాయి. గీతలన్నవే లేవు.

దాని దెబ్బ ఆమెకు ఎక్కడ తగిలిందంటే, బియ్యం దగ్గర. ఒకరోజు సంచి పట్టుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చింది. రేషన్ స్టోరులో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడలేదట. కడుక్కుని పెట్టింది, తుడుచుకుని పెట్టింది, పది వేళ్ళూ పెట్టింది. ఎర్ర లైటే.

"డీలరు ఏమన్నాడో తెలుసునా? 'ఖాలా, నువ్వు నువ్వేనని మిషను ఒప్పుకోలేదు' అన్నాడు" అంది. నవ్వుతూనే చెప్పింది. తర్వాత చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుని, "నలభై ఏండ్లు కాయల్ని కాపాడినా. నా వేలు నాకు ల్యాకుండా పాయ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు, నా దుకాణం వెనకా అదే తొట్టి ఉంది మరి.

కళ్ళ మిషన్ ఉందిలే, ఇంకో దారి ఉందిలే అని డీలరు ఎలాగోలా సర్దేవాడు. ఒక నెల ఇచ్చేవాడు, ఒక నెల సర్వర్ లేదనేవాడు. ఆమెకు బియ్యం కంటే ఆ ఎర్ర లైటే ఎక్కువ మనసులో పడింది.

ఆ దసరా ముందు ఆమె నా దగ్గరికొచ్చి, నా మందు తొట్టిని బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్తా ఇను. మందు ల్యాకుండా నీ కాయ నేను నిలబెడతా. రంజాన్ దాకా. నిలిచిందనుకో, ఈ తొట్టి మళ్ళ పైకి తిరగగూడదు. నిలవకపోతే నేనే దీంట్లో నీళ్ళు పోసి ముంచుతా, సచ్చేదాకా."

నాలుగైదు నెలలు! నా దగ్గర ఉన్నదంతా ఆ ఒక్క లోడు మీదే పెట్టబోతున్నాను. అది కుళ్ళితే నా భార్యాబిడ్డలకు టౌను లేదు, ఆమెకు వేళ్ళు లేవు. అయినా తల ఊపాను. ఎందుకు ఊపానంటే, ఆమె లేవలేదు కాబట్టి.

ముందు కొన్ని పెట్టెల మీద పరీక్ష పెట్టాం. "లవంగాల డబ్బాకి బూజు పట్టింది యాడన్నా సూసినావా?" అన్నది ఆమె వాదం. నిజమే కదా అనిపించింది. లవంగాలు, దాల్చిన చెక్క దంచి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ రసం కాయలకు చుట్టే కాగితాలన్నిటికీ పట్టించింది. చెయ్యి కాస్త ధారాళమైంది. నెల తర్వాత ఆ కాయలు అమ్మాం. మరుసటి రోజే ఒక బడి పంతులు సంచి పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, మా పాప ఆపిల్ కొరికి, 'నాయనా, దీంట్లో చికెన్ ముక్క యాడుండాది?' అని అడుగుతాండాది."

మార్కెట్టంతా కడుపుబ్బ నవ్వింది. పక్క దుకాణం పెద్దాయన, ముప్పై ఏళ్ళ వ్యాపారి, చిటికెన వేలికి అంగుళం పొడవు గోరు పెంచుకున్న మనిషి, నా మడిగె ముందు నిలబడి, "ఏమప్పా, దమ్ము ఆపిలా, పలావు ఆపిలా?" అని అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

"వాసన సంగతి పక్కన పెట్టు. కుళ్ళిందా? ఒక్కటన్నా కుళ్ళిందా?" అని నన్నే అడిగింది.

లేదు. ఒక్కటి కూడా కుళ్ళలేదు.

అప్పుడు పద్ధతి మార్చింది. లవంగ నూనె నాలుగు చుక్కలు దూదికి అంటించి, పలచటి గుడ్డలో మూట కట్టి, గది మూలల్లో వేలాడదీసింది. కాయకు తగలకూడదు, గాలికి తగిలితే చాలు. కొన్నాళ్ళకు తీసేసేది, మళ్ళీ కొన్నాళ్ళకు కట్టేది. పంతులుకు పిలిచి మరీ ఒక కాయ ఇచ్చి, "మీ పాపకి పెట్టు సారూ, ఈసారి ముక్కలేదు" అంది.

దీపావళి దాటగానే లోడు దిగింది. మూడు రోజులు మాకు ఊపిరి ఆడలేదు. కాశ్మీరు నుంచి పెట్టెల్లో వచ్చిన గడ్డి, పాత కాగితాలు అన్నీ బయట పారేయించింది. ప్లాస్టిక్ పెట్టెలన్నీ సోడా ఉప్పు కలిపిన వేడినీళ్ళతో కడిగించి, మిద్దె మీద ఎండలో బోర్లించింది. మా ఊర్లో ఎండకు కొదవేముంది! ఏరింది. మూడు కుప్పలు పోసింది. 'పండగది' కుప్పను మాత్రం వేడినీళ్ళ స్నానానికి పంపింది.

ఆ స్నానమే ఆమె అసలు విద్య, మందు తొట్టెలు రాకముందు చిన్నప్పుడు నేర్చుకున్నదట. పెద్ద వంట డేగిసాలో నీళ్ళు కాచేవాళ్ళం. మరీ కాగితే కాయ ఉడికిపోతుంది, చాలకపోతే బూజు గింజ చావదు. ఎంత వేడి కావాలో చెప్పేది ఆమె మోచెయ్యి. చొక్కా చెయ్యి మడిచి ఉండేది అందుకే. వంగి మోచేతి కొస నీళ్ళలో ముంచి, కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం" అనేది, లేదా "ఆపు, సన్నీళ్ళు పొయ్యి" అనేది.

"చేత్తో చూడొచ్చు కదవ్వా?" అన్నాను.

"ఈ చెయ్యి ఎప్పుడో సచ్చిపాయ అప్పా, దీనికి వేడీ తెలీదు, చలీ తెలీదు. పసిబిడ్డకి నీళ్ళు పోసేతప్పుడు మోచెయ్యే కదా చెప్పేది? దానికంటే రవ్వంత ఎక్కువ కావాల" అంది.

కాయలు నీళ్ళలో ఎంతసేపు ఉండాలన్నదానికి గడియారం లేదు. పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థన చదువుకునేది. అది ఇన్నిసార్లు అయితే తీసేయాలి. ఆమె టీకి పోయినప్పుడు నన్ను నిలబెట్టింది. నాకు ఆ ప్రార్థన రాదన్నాను. "నీకొచ్చిందే సదువుకోప్పా. నీళ్ళకి ఎవురి దేవుడైతే ఏం?" అంది. నేను హనుమంతుణ్ణి తలుచుకుంటూ ఆపిల్స్ కు స్నానం చేయించాను.

తీసిన కాయలను మిద్దె మీద నీడలో, ఉతికిన చీరల మీద పరిచాం. మా వైపు గాలి సంగతి తెలిసిందే కదా, గాలిమరలు తిప్పే గాలి అది. మా నాయన బతికినన్నాళ్ళూ "వచ్చిన మబ్బునంతా తోలకపోతాంది" అని ఆ గాలిని తిట్టేవాడు. ఆ గాలే కాయల మీద తడి చుక్క మిగలకుండా ఆరబెట్టింది. ఆ గాలి నాకు పనికొచ్చిన రోజు జీవితంలో అదొక్కటే. మిద్దె మీద నిలబడి గట్టిగా నవ్వుకున్నాను.

ఇక్కడ నా వెధవపని చెప్పాలి.

మూడో రోజు శుక్రవారం. మధ్యాహ్నం ఆమె నమాజుకని ఇంటికి పోయింది. ఇంకా పదిహేను పెట్టెలు మిగిలున్నాయి. పక్క పెద్దాయన వచ్చి, చిటికెన గోటితో చెవి గోక్కుంటూ, "రంజాన్ కి నీ రూము తలుపు తీస్తే అందరం ముక్కులు మూసుకోవాల. ఆ ముసలమ్మకి పోయేదేముండాది? పెండ్లాం బిడ్డలు నీకుండారు" అన్నాడు. ఆ మాట గునపంలా దిగింది. కనీసం పదిహేను పెట్టెలన్నా మిగులుతాయి కదా అనుకున్నాను. అనుకున్నానో లేదో, వాటిని ఆయన తొట్టిలోనే గబగబా ముంచేశాను. ఆమె వచ్చేలోపు పనైపోవాలని, ఆరకుండానే గదిలో వెనక వరసలో పేర్చేశాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

ఆమె వచ్చింది. "ఏదీ, గోళ్ళు సూపించు!"

శుక్రవారం ఎప్పుడూ అడగదు. చాపాను. నా చేతిని పట్టుకుని మామూలు కంటే ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. ముక్కు దగ్గరికి తీసుకుంది. వదిలేసింది. "బాగుండాయి" అంది. అంతే. హమ్మయ్య, బయటపడ్డాను అనుకున్నాను.

నెలలు గడిచాయి. వారానికి రెండుసార్లు ఆమె స్వెట్టర్ వేసుకుని, తలకు మఫ్లర్ చుట్టుకుని కోల్డ్ రూంలోకి పోయేది. పెట్టె పెట్టె దగ్గరా ముక్కు పెట్టేది. అనుమానం వచ్చిన కాయను తీసి పారేసేది. నన్ను మాత్రం లోపలికి రానిచ్చేది కాదు. "నువ్వు భయంతో ఊపిరి పీలుస్తావు, గది వేడెక్కుతాది" అనేది. నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. నా భార్య ఫోన్ చేసి, "ఎప్పుడు పిలుస్తావు?" అంటే, "రంజాన్ కానీ" అనేవాణ్ణి. హిందువుల ఇళ్ళల్లో అంతగా రంజాన్ కోసం ఎదురుచూసినవాళ్ళు మేమే అయ్యుంటాం.

ఉపవాసాలు మొదలయ్యే నెలవంక కనబడిన మరుసటి రోజు గది తెరిచాం. ఆమె పట్టుబట్టి మార్కెట్టంతా పిలిపించింది. పెద్దాయన అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు, జేబురుమాలు చేతిలో పట్టుకుని.

"నువ్వే ఏ పెట్టె కావాల్నో చెప్పు సేటూ" అంది ఆమె.

మధ్యలోది చూపించాడు. దించి విప్పాం. ఒక్కో కాయా కాగితం విప్పుతుంటే ఎర్రగా, గట్టిగా, నిన్న కోసినట్టు. ఇంకోటి విప్పాం. అదీ అంతే. ఎవరో ఈల వేశారు. పెద్దాయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "వెనక వరసది తీయండి" అన్నాడు.

వెనక వరస నా పదిహేను పెట్టెలు. హమాలీ ఒక పెట్టె తెచ్చి విప్పాడు.

ఒక్క మచ్చ లేదు. రెండోది విప్పాడు. లేదు. నాకేమీ అర్థం కాలేదు. పెద్దాయన ఒక కాయ తీసి కొరికాడు. కరకరమని చప్పుడు మార్కెట్టంతా వినబడింది. నమిలి, మింగి, "ఖాలా, గెలిచినావు" అన్నాడు. ఒకడు పోయి టపాకాయలు తెచ్చాడు. పట్టపగలు పండ్ల మార్కెట్లో సరం పేల్చారు. ఆ రోజు ఉపవాసంలో ఉండి కూడా ఆమె గొంతు ఎంత లేచిందో! "సాయంత్రం ఇఫ్తారుకి అందరికీ నా కాయే!" అని అరిచింది.

జనం పోయాక నన్ను గదిలోకి పిలిచింది. మొదటిసారి. తలుపు పక్క మూలలో ప్లాస్టిక్ పట్టా కప్పి, తాళ్ళతో కట్టేసిన గుట్ట ఒకటి ఉంది. పట్టా తీసింది. గుప్పున వాసన. పదిహేను పెట్టెలు. మీది కాయలన్నీ మెత్తబడి నీళ్ళు కారుతున్నాయి.

"ఇవి నీవి" అంది.

పట్టా మళ్ళీ కప్పబోయాను.

"నలభై ఏండ్లు ఆ నీళ్ళల్లో చేతులు పెట్టిన్దాన్ని. ఆ వాసన నాకు తెలీదనుకున్నావా? ఆ పొద్దే వాటిని పక్కకి ఈడ్పించి, ఆ జాగాలో మంచివి పెట్టించి, వీటికి పట్టా కప్పినా. మూడు దినాలు వాడిన నీళ్ళు శెనక్కాయలోడా అవి. ఎన్ని కుళ్ళిన కాయల బూజు దాంట్లో కలిసిందో. పైగా తడితోనే పేర్చినావు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదవ్వా?"

"చెప్పింటే భయపడి మిగిల్నవి గూడా ముంచేసిందువు" అంది. "ఎవురికీ చెప్పొద్దులే. పొయ్యి గుంత తవ్వి పూడ్చేసిరా."

ఆమె బతికినన్నాళ్ళూ ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు నేనే చెప్తున్నాను.

ఆ వారంలో నా భార్య, బిడ్డ టౌనుకొచ్చారు. తొట్టి బోర్లించే ఉంది. దాని మీద కూర్చునే ఆమె కాయలు ఏరేది. తర్వాతి సీజనుకు పెద్దాయన మా మడిగె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఖాలా, మా కాయ గూడా కొంచెం సూస్తావా?" అన్నాడు. ఆమె తల కూడా ఎత్తలేదు. "ఏదీ, గోళ్ళు సూపించు!" అంది. ఆయన చేతులు చాపాడు. ఆమె చిటికెన వేలు చూపించింది. ఎన్నేళ్ళుగా పెంచుకున్నాడో ఆ గోరు! ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. బుధవారం సాయంత్రం నలుగురూ చూస్తుండగా తన దుకాణం ముందు కూర్చుని కటుక్కున కత్తిరించాడు. బేస్తవారం పొద్దున ఆయన తొట్టి కూడా బోర్లపడింది.

ఆ ఏడాది చివర్లో ఒకటో తారీఖున ఆమె నన్ను స్టోరు దగ్గరికి తోడు రమ్మంది. "ఎందుకవ్వా?" అంటే చెప్పలేదు. క్యూలో నిలబడింది. తన వంతు రాగానే కుడిచెయ్యి చొక్కాకు నాలుగుసార్లు తుడుచుకుంది. డీలరు, "ఖాలా, నీకు వేలొద్దులే, కండ్లు పెట్టు" అన్నాడు.

"ఊరుకో" అని బొటనవేలు మిషన్ మీద పెట్టింది.

మిషన్ ఆలోచించింది. చానాసేపు ఆలోచించింది. నేను మళ్ళీ హనుమంతుణ్ణి తలుచుకున్నాను. ఆమె పెదవులు కూడా కదులుతున్నాయి.

పచ్చ లైటు వెలిగింది.

"పడింది ఖాలా! వేలు పడింది!" అని డీలరే అరిచాడు.

"ఇంకోసారి పెడతా" అంది.

"ఒకసారి చాలు ఖాలా."

"నీకు చాలు. నాకు చాలదు" అని మళ్ళీ పెట్టబోతే వెనక ఉన్నవాళ్ళు గోల చేశారు. అప్పుడు వెనక్కి తిరిగి, బొటనవేలు నా కళ్ళముందు పెట్టింది. ఎండలో తిప్పి తిప్పి చూపించింది. సన్నగా, చుట్లు చుట్లుగా గీతలు. మందు మానేసిన చేతిలో, రోజూ కొబ్బరినూనె రాసిన చేతిలో, మళ్ళీ మొలిచిన గీతలు.

"సూడప్పా, నేనే" అంది. "నేను నేనే."

బియ్యం సంచి నేను మోశాను. ఆమె మార్కెట్టు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆ బొటనవేలు పైకెత్తి పట్టుకుని, దుకాణం దుకాణం ముందూ ఆగి చూపిస్తూ నడిచింది. ఎన్నికల్లో గెలిచినవాళ్ళ ఊరేగింపులు మా జిల్లాలో చానా చూశాను. అంత గొప్పది చూడలేదు.

ఇవన్నీ అరుగు మీద కూర్చుని తలుచుకుంటూ ఉంటే కొత్తచెరువు బస్సుకు టైమైంది. నా భార్య వచ్చి, "సావుకు పోతా గోళ్ళేంది, లెయ్యి" అంది. లేవలేదు. కుడి చేతి ఐదు గోళ్ళూ ఒక్కొక్కటే, కొస మిగలకుండా తీశాను. రెండు చేతులూ వెలుగులో చాపి చూసుకున్నాను.

సాయంత్రం అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. గోళ్ళలో మట్టి ఇరుక్కోలేదు.